అడుగున నీళ్ళు

ముందు వాసన వచ్చింది.

2023 ఫిబ్రవరి 2, గురువారం. రాత్రి పదిన్నర. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ పక్కన ఒక చిన్న ఊరు. పాప బట్టలు వాషింగ్ మెషీన్లో వేద్దామని ఆమె బేస్‌మెంట్‌లోకి దిగుతోంది. నాలుగు మెట్లు దిగింది. ఆగిపోయింది. డీజిల్ కంపు. బాయిలర్ ఉన్న చోట కాస్త వాసన ఎప్పుడూ ఉండేదే. ఇది అది కాదు. గొంతుకి అడ్డం పడుతోంది.

బట్టల బుట్ట మెట్టు మీదే పెట్టేసి ఫోన్ లైటు వేసింది. గోడవారగా ఆయిల్ ట్యాంకు. ఐదడుగుల పొడవు, నల్ల రంగు, నాలుగు ఇనప కాళ్ళు. ఎక్కడా రంగు పెచ్చు కూడా ఊడలేదు. మోకాళ్ళ మీద కూర్చుంది. ట్యాంకు కింది వంపులోకి చెయ్యి పోనిచ్చి అతుకు వెంట తుడిచింది. వేళ్ళు తడిగా వచ్చాయి. లైటు ముందు పెట్టి చూసుకుంది. ఎర్రగా ఉన్నాయి.

హీటింగ్ ఆయిల్ అంటే దాదాపు డీజిలే. రోడ్డు మీద తిరిగే బండ్లకి పోసుకోకుండా అందులో ఎర్ర రంగు కలుపుతారు. అమెరికాలో ఈ ఆయిల్‌తో ఇళ్ళు వేడి చేసుకునేవాళ్ళలో ఎక్కువమంది ఈశాన్య రాష్ట్రాలవాళ్ళే. బేస్‌మెంట్లో ట్యాంకు, పక్కన బాయిలర్, గోడల అంచున గొట్టాల్లో తిరిగే వేడినీళ్ళు. ఇల్లు కొన్న రోజునుంచీ ఆ ట్యాంకుని ఎవరూ సరిగా చూసింది లేదు. ఇవాళ అదే చెమర్చింది.

"ఏమైంది?" పైనుంచి భర్త గొంతు.

"దిగు. చెప్పులు వేసుకుని దిగు."

అతను దిగాడు. కింద పడుకుని చూశాడు. అతుకు దగ్గర ఒక చుక్క వేలాడుతోంది. పడదు. అలాగే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. పడింది. సిమెంటు నేల మీద రూపాయి బిళ్ళంత మరక. చూస్తుండగానే ఇంకో చుక్క మొలిచింది.

"రేపు రాత్రికి మైనస్ ఇరవై మూడంట," అన్నాడతను. రెండు రోజులుగా టీవీలు అదే చెప్తున్నాయి. ఫారన్‌హీట్‌లో మైనస్ 10. బయటికి వెళ్ళొద్దు, వెళ్తే ముఖం కప్పుకోండి, కుళాయిలు సన్నగా వదిలి ఉంచండి. "గేజ్ చూడు, పావు వంతే ఉంది. పొద్దున్న ట్రక్కు వస్తుంది. నిండా కొట్టించేద్దాం. ఈ చలి గడవనీ. ఎండలు వచ్చాక మార్చేద్దాం."

మొన్న సెప్టెంబరులో కూడా ఈ మాటే అనుకున్నారు. బర్నర్ సర్వీసుకి వచ్చిన మెకానిక్ ట్యాంకు మీద తట్టి చూసి, ఇల్లు ఎప్పుడు కట్టారని అడిగాడు. 1984లో. "అయితే ఇదీ అప్పటిదే. ఐదేళ్ళు ఉండొచ్చు. రేపే పోవచ్చు," అన్నాడు. కొత్తదానికి నాలుగు వేల డాలర్లు చెప్పాడు. అప్పటికి ఆమెకి ఐదో నెల. ఆసుపత్రి ఖర్చులు ముందున్నాయి. వాయిదా పడింది. ఇప్పుడు పై గదిలో వారాల పాప నిద్రపోతోంది.

మెట్ల మీద ఇంకో అడుగుల చప్పుడు. ఆమె తండ్రి. మంకీ క్యాపు, శాలువా. తెనాలి దగ్గర ఒక పెట్రోలు బంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. మనవరాలి కోసం భార్యతో కలిసి వచ్చాడు. వాసన ఆయన్ని నిద్రలోంచి లేపింది. ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగాడు. పైకి చూడలేదు. కిందికీ చూడలేదు. అల్లుడి వైపు తిరిగి ఒక్కటే అడిగాడు.

"అడుగున నీళ్ళెన్ని ఉన్నాయి బాబూ?"

"నీళ్ళా? ఇందులో నీళ్ళెందుకుంటాయి మామయ్యా?"

పెద్దాయన మొహం మారిపోయింది.

బంకులో పొద్దున్నే మొదటి పని అదే. ట్యాంకులోకి డిప్ రాడ్ దించాలి. దాని చివర పేస్టు రాయాలి. నీళ్ళు తగిలితే పేస్టు రంగు మారుతుంది. డీజిల్ తేలిక, నీళ్ళు బరువు. నీళ్ళు ఎటునుంచి వచ్చినా అడుక్కే చేరతాయి. ఈ బేస్‌మెంటు ట్యాంకులోకి బయటి గొట్టం ద్వారా గాలి వస్తూ పోతూ ఉంటుంది. ఆ గాలిలో తేమ. ట్యాంకు ఖాళీగా ఉన్న మేరకి లోపలి రేకు మీద ఆ తేమ చెమటై జారుతుంది. ఏడాదికి కొన్ని గరిటెలు. అలా ముప్పై తొమ్మిదేళ్ళు. నీటికీ ఆయిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, బురద కడతాయి, ఆమ్లం పుట్టిస్తాయి. కొత్తగా ఉన్నప్పుడే మూడు మిల్లీమీటర్లు లేని రేకు అది. లోపలినుంచి తింటూ వస్తుంది. బయటి రంగు మాత్రం చివరిరోజు దాకా నిగనిగలాడుతూనే ఉంటుంది.

"పొద్దున్న వచ్చే బండిని ఆపండి," అన్నాడు పెద్దాయన.

అల్లుడు ఒప్పుకోలేదు. ఆయిల్ అయిపోతే? గొట్టాల్లో నీళ్ళు గడ్డకడితే? పాపకి? ఆమె ఇద్దరి మధ్యా నిలబడి ఫోన్ చెవికి పెట్టుకుంది. ఆయిల్ కంపెనీ రాత్రి నంబరు. ముప్పావుగంట పాట. చివరికో గొంతు. బర్నర్ ఆగిపోయినవాళ్ళకే రాత్రి మనిషిని పంపుతాం, మీకు రేపు మధ్యాహ్నం. చుక్కల కింద స్టీలు గిన్నె పెట్టి ముగ్గురూ పైకెళ్ళారు. ఎవరూ నిద్రపోలేదు.

శుక్రవారం. ఆరూ నలభై. ఇంకా పొద్దు పొడవలేదు. గాలి మొదలైంది. ఉత్తరం వైపు కిటికీ అద్దం గొణుగుతోంది. ఇంటి ముందు గేరు మార్చిన చప్పుడు. ట్రక్కు అప్పుడే వచ్చేసింది.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చేసరికే డ్రైవరు హోస్ పైపు భుజాన వేసుకుని గడ్డకట్టిన గడ్డి మీద నడిచి వస్తున్నాడు. గోడకి ఉన్న ఆయిల్ గొట్టం మూత తిప్పుతున్నాడు. ఆ గొట్టం పక్కనే ఇంకో గొట్టం ఉంటుంది, ట్యాంకులో గాలి బయటికి పోవడానికి. ఆయిల్ లోపలికి పడుతున్నంతసేపూ అందులోంచి ఈల వినిపిస్తుంది. ఈల ఆగిందంటే ట్యాంకు నిండినట్టు. డ్రైవర్లు గేజ్ చూడరు, ఆ ఈల వింటారు. ఇంకో అర నిమిషంలో ఆ ఈల మొదలవుతుంది.

ఆమె కోటు వెతుక్కోలేదు, బూట్లు వేసుకోలేదు, రాత్రి చెప్పులతోనే తలుపు లాగి మెట్లు దూకి, చెంపల మీద గాలి కోస్తుంటే, వెనకనుంచి భర్త పేరు పెట్టి పిలుస్తున్నా ఆగకుండా, ఇంటి మూల తిరిగి, చేతులు రెండూ పైకెత్తి ఊపుతూ, ట్రక్కు మోతలో తన గొంతు తనకే వినపడక మళ్ళీ మళ్ళీ అరుస్తూ వెళ్ళి హోస్ పైపుకి అడ్డంగా నిలబడింది.

"ఆపండి! ట్యాంకు కారుతోంది!"

డ్రైవరు చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

"ఎంత కారుతోంది?"

"చుక్కలు."

అతను ఆకాశం వైపు చూశాడు. "ఈ రోజు నా లిస్టులో ఊరంతా ఉంది. ఇప్పుడు వద్దంటే మళ్ళీ మంగళవారమే. రేపటి చలి సంగతి విన్నారుగా?"

భర్త పరిగెత్తుకొచ్చాడు. కోటు ఆమె భుజాల మీద వేశాడు. "సగమైనా కొట్టించుకుందాం. పాప ఉంది లోపల."

ఆమె లెక్క వేసుకుంది. అక్కడే, చలిలో, పళ్ళు టకటకలాడుతుండగా. ట్యాంకు 275 గ్యాలన్లు. గ్యాలన్ అంటే 3.8 లీటర్లు. పావు వంతు అంటే 70 గ్యాలన్లకి దగ్గర. ఎంత చలిలోనైనా తమ ఇల్లు రోజుకి 10 గ్యాలన్లకి మించి తాగదని పాత బిల్లులు చెప్తున్నాయి. మంగళవారానికి నలభై. ఉన్నది చాలు. మరి నింపితే? గ్యాలన్ బరువు మూడు కిలోల పైనే. ఇంకో 200 గ్యాలన్లంటే 600 కిలోల పైన. ఆ బరువంతా వెళ్ళి కూర్చునేది చెమర్చిన రేకు మీద. రేకు తెగితే ఎంత ఉంటే అంతా నేల మీదే. ఆయిల్ లేకపోతే చలి, ఉంటే వరద. ఏది ముంచుతుంది?

"వద్దు," అంది.

డ్రైవరు ఏమీ అనలేదు. హోస్ కింద పెట్టి లోపలికి వచ్చాడు. బేస్‌మెంట్లో చేతి తొడుగు తీసి ట్యాంకు కింది అతుకు తడిమాడు. లేచి నిలబడి చెయ్యి తుడుచుకున్నాడు.

"మీరు కొట్టమన్నా నేను కొట్టను," అన్నాడు.

ట్రక్కు వెళ్ళిపోయింది. దాని ఎర్ర లైట్లు మలుపు తిరిగేదాకా భర్త గుమ్మంలోనే ఉన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి మెకానిక్. సెప్టెంబరులో వచ్చినతనే. నేరుగా ట్యాంకు దగ్గరికి వెళ్ళి పైనున్న మర ఒకటి విప్పాడు. బ్యాగులోంచి సన్నటి పొడవాటి కర్ర తీశాడు. చిన్న ట్యూబు తీశాడు. కర్ర చివర పేస్టు రాస్తుంటే పెద్దాయన రెండడుగులు ముందుకొచ్చాడు. ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆ పేస్టు మాత్రం తెలుసు.

కర్ర దిగింది. అడుగు తగిలింది. బయటికి వచ్చింది. అందరూ వంగి చూశారు. చివరినుంచి మూడు అంగుళాల దాకా పేస్టు రంగు మారిపోయింది.

మెకానిక్ ఆ కర్రని ట్యాంకు బయట ఆనించి పట్టుకున్నాడు. రంగు మారిన గీత ఎక్కడ ఆగిందో, చుక్క పుడుతున్న చోటు సరిగ్గా అక్కడే ఉంది. రేకు చిల్లుపడింది నీటి అంచున.

"దీని కిందంతా నీళ్ళే. అక్కడ రేకు ఇంకా పల్చగా ఉండి ఉంటుంది," అన్నాడతను.

"నీళ్ళు తోడేస్తే?" ఆమె అడిగింది.

"బురద కదులుతుంది. ఇప్పుడు చిల్లుల్ని మూసి పెట్టింది ఆ బురదా, తుప్పూనే." అయస్కాంతం ఉన్న రబ్బరు బిళ్ళ ఒకటి తీసి చిల్లు మీద అతికించాడు. చుక్క ఆగింది. "ఇది రిపేరు కాదు. మీకు కాస్త టైము. కొత్త ట్యాంకు సోమవారం. ఫైర్ డిపార్ట్‌మెంటు పర్మిట్ నేను చూసుకుంటాను." వెళ్తూ బర్నర్ మీది ఎర్ర బటన్ చూపించాడు. "రాత్రి ఇది ఆగిపోతే ఒక్కసారి నొక్కండి. రెండోసారి వద్దు."

"ఎందుకాగుతుంది?"

"బర్నర్‌కి వెళ్ళే గొట్టం మొదలయ్యేది ఆ నీటి గీతకి వేలెడు పైన."

చీకటి పడింది. గాలి ఇంటిని పట్టుకుని ఊపుతోంది. గంట గంటకీ ఫోన్లో అంకె కిందికి దిగుతోంది. న్యూ హాంప్‌షైర్‌లో మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద ఆ రాత్రి గాలితో కలిసిన చలి ఫారన్‌హీట్‌లో మైనస్ 108 అని నమోదైంది. మన లెక్కలో మైనస్ 78. బోస్టన్ 1957 తర్వాత అంత చలి చూడలేదు.

భర్త భోజనాల బల్ల మీద ఇంటి ఇన్సూరెన్సు కాగితాలు పరిచాడు. ఒక్కో పేజీ తిప్పుతున్నాడు. మసాచుసెట్స్‌లో 2008లో ఈ ఆయిల్ ఇళ్ళ కోసమే ఒక చట్టం చేశారు. ట్యాంకునుంచి బర్నర్‌కి వెళ్ళే పాత పైపులకి తొడుగో, సేఫ్టీ వాల్వో ఉండి తీరాలి. 2011 సెప్టెంబరు 30 ఆఖరు గడువు. ఈ ఇంటికి వాల్వు ఉంది. కొన్నప్పుడు ఇన్‌స్పెక్టరు దాన్ని చూసి టిక్కు పెట్టాడు. పైపు సరే. ట్యాంకు వయసు? ఆ గడిలో ఏమీ రాసి లేదు. ఆయిల్ కారితే శుభ్రం చేయించే ఖర్చుకి కవరేజీ ఇస్తామని కంపెనీలు చెప్పాలని కూడా అదే చట్టంలో ఉంది. చెప్పాలి, అంతే. కావాలని మనం అడగాలి, అదనంగా కట్టాలి. నేల పగులులోంచి ఆయిల్ మట్టిలోకి దిగితే ఆ మట్టి తవ్వి తీయాలి. ఊటనీటి దాకా పోతే లక్ష డాలర్లు కూడా దాటొచ్చు. 10 గ్యాలన్లు పోతే చాలు, తెలిసిన రెండు గంటల్లో రాష్ట్ర పర్యావరణ శాఖకి చెప్పాలి.

ఆఖరి పేజీ తిప్పాడు. ఆయిల్ కవరేజీ పక్కన ఖాళీ.

ట్యాంకు కింద, గిన్నెకి జానెడు దూరంలో, నేల మీద సన్నటి పగులు ఉంది. అది అతనికి గుర్తుంది.

రెండూ ఇరవై. ఆమెకి మెలకువ వచ్చింది. ఎందుకో అర్థం కాలేదు. చప్పుడేమీ లేదు. అదే. చప్పుడు లేదు. రాత్రంతా కిందినుంచి వస్తున్న బాయిలర్ మోత లేదు.

భర్త అప్పటికే కింద ఉన్నాడు. ఎర్ర బటన్ నొక్కాడు. బర్నర్ దగ్గింది, మండింది, ఉక్కిరిబిక్కిరై ఆరిపోయింది. మళ్ళీ వేలు బటన్ మీదికి వెళ్ళింది.

"నొక్కకు!" ఆమె మణికట్టు పట్టుకుంది.

"పైన పాప ఉంది!"

"అందుకే నొక్కకు."

నొక్కిన ప్రతిసారీ పంపు ఇంకాస్త ఆయిల్ లోపల చిమ్ముతుంది. నీళ్ళు కలిసి మంట అంటుకోకపోతే ఆ ఆయిల్ పొయ్యి అడుగున మడుగు కడుతుంది. ఎప్పుడో ఒకసారి అంటుకుంటుంది. అప్పుడు అంటుకునేది మామూలుగా కాదు. ఇలాంటి రాత్రుల్లో బటన్ పదే పదే నొక్కి ఇల్లంతా మసి చేసుకున్నవాళ్ళున్నారు. అంతకంటే ఘోరంగా పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అతని వేలు వణుకుతోంది. వెనక్కి తీశాడు.

ఫోన్. ఈసారి పాట లేదు. బర్నర్ ఆగింది, పసిపిల్ల ఉంది. మనిషి బయల్దేరాడు. ఎంతసేపు? చెప్పలేం.

అమ్మమ్మ పాపని రొమ్ముకి కట్టేసుకుని రెండు బొంతలు చుట్టుకుంది. పెద్దాయన ప్రతి కుళాయీ సన్నగా వదిలాడు. సింకుల కింది తలుపులు తెరిచాడు. హాల్లో వేడి 20 డిగ్రీలు. 18. 16. కిటికీ అద్దాలకి లోపలివైపు మంచు పూత పూసింది. 14 అయ్యేసరికి ఇంటి ముందు హెడ్‌లైట్లు పడ్డాయి.

ఈసారి వచ్చింది వేరే మెకానిక్. కనురెప్పల మీద మంచు. మాట్లాడలేదు. బర్నర్ గొట్టాన్ని ట్యాంకునుంచి విడదీశాడు. ట్రక్కులోంచి డీజిల్ డబ్బా తెచ్చి గొట్టం కొస అందులో ముంచాడు. ఫిల్టరు మార్చాడు. నాజిల్ మార్చాడు. గొట్టంలో చేరిన నీళ్ళని బయటికి వదిలాడు, వదిలాడు, ఇంకా వదిలాడు. బుడగలు. తర్వాత ఎర్రగా ధార. బటన్ నొక్కాడు.

మంట అంటుకుంది. నిలబడింది.

"డబ్బాలో అయిదు గ్యాలన్లు. మధ్యాహ్నం దాకా వస్తుంది," అన్నాడతను. "తర్వాత పెట్రోలు బంకులో డీజిల్ తెచ్చి పోయండి. పసుపు డబ్బాలు కొనండి, ఎర్రవి పెట్రోలుకి. డబ్బా ఎండిపోనివ్వకండి. ట్యాంకుని ముట్టుకోకండి."

శనివారం తెల్లవారుతూ, మైనస్ 23లో, మామా అల్లుళ్ళు బంకుకి వెళ్ళారు. అక్కడ కొట్టేవాడు ఎవడూ ఉండడు. ఎవరికి వాళ్ళే. కారు దిగగానే అల్లుడి చేతి తొడుగు గన్నుకి అంటుకుపోయింది. "ఇటివ్వండి," అని పెద్దాయన అందుకున్నాడు. డబ్బాని కార్లో ఉంచి కొట్టనివ్వలేదు, నేల మీద పెట్టించాడు. మూతి దాకా నింపలేదు, నాలుగు వేళ్ళు వదిలాడు. మూత తనే బిగించి, డబ్బా పడుకోబెట్టి, కారడం లేదని చూశాకే కారెక్కించాడు. ఆ రెండు రోజులూ పగలు ఆరుసార్లు, రాత్రి మూడుసార్లు డబ్బా చూసింది ఆయనే.

రబ్బరు బిళ్ళ శనివారం సాయంత్రానికి చెమర్చింది. ఆమె గిన్నె మార్చింది. లోపల పోగైంది లోటాడు. పగులు చుట్టూ పిల్లుల కోసం అమ్మే మట్టి గుళికలు గట్టులా పోసింది. రెండు గంటలకోసారి గిన్నెలో ఎంతుందో కాగితం మీద రాసింది. 10 గ్యాలన్ల గీత చాలా దూరం. అయినా రాసింది.

ఆదివారానికి చలి విరిగింది. సోమవారం పొద్దున ముగ్గురు మనుషులు, ఒక పంపు, రెండు పీపాలు. పైనున్న మంచి ఆయిల్ ఒకదాంట్లోకి, అడుగున ఉన్న నీళ్ళూ బురదా ఇంకోదాంట్లోకి. బురద కాఫీ డికాక్షను రంగులో ఉంది. ఖాళీ ట్యాంకుని రంపంతో కోశారు. గోరువెచ్చటి లోహం వాసన ఇల్లంతా నిండింది. అడుగు ముక్క వెలుతురులో పెట్టాడు మెకానిక్. బయటివైపు నల్ల రంగు చెక్కుచెదరలేదు. లోపలివైపు గుంటలు. గుంటల మధ్య గుంటలు. బొటనవేలు పెట్టి అదిమాడు. వేలు అవతలికి వచ్చింది.

ఎవరూ మాట్లాడలేదు. శుక్రవారం తెల్లవారుజామున దీని మీదికి ఇంకో 600 కిలోలు రాబోయాయి.

కొత్త ట్యాంకు రెండు పొరలది. లోపల ప్లాస్టిక్, బయట ఇనుము. లోపలిది కారినా బయటిది పట్టుకుంటుంది, కారినట్టు గుర్తు చూపిస్తుంది. ఫైర్ డిపార్ట్‌మెంటు మనిషి వచ్చి చూసి సంతకం పెట్టాడు. సాయంత్రం ఆమె ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేసి ఆ ఖాళీ గడి నింపించింది.

అప్పుడే ఆమెకి తట్టింది. ఈ వీధిలో ఇళ్ళన్నీ 1984లో ఒకే బిల్డరు కట్టినవి.

మెకానిక్ సామాను సర్దుకుంటున్నాడు. "ఇంకో పది నిమిషాలు ఉండగలరా?" అని అడిగి, చిల్లుపడ్డ ముక్కని పేపర్లో చుట్టుకుని పక్కింటి తలుపు కొట్టింది. ఒంటరిగా ఉండే పెద్దావిడ. ముక్క చూసింది. మెకానిక్ వైపు చూసింది. బేస్‌మెంటు తలుపు తీసింది. అదే ట్యాంకు, మొన్నీమధ్యే వేసిన బూడిద రంగు. కింది అతుకు పొడిగానే ఉంది. వాసన లేదు.

మెకానిక్ మర విప్పాడు. కర్రకి పేస్టు రాసి దించాడు. తీశాడు. ఈసారి రంగు మారింది ఒక అంగుళం మేర.

"ఇప్పుడే మార్చాలా?" పెద్దావిడ గొంతు సన్నగా ఉంది.

అతను అతుకు వెంట చెయ్యి పోనిచ్చాడు, మళ్ళీ తడిమాడు, బ్యాగులోంచి రేకు మందం కొలిచే చిన్న యంత్రం తీసి అడుగున నాలుగు చోట్ల ఆనించాడు.

"ఈ చలికాలం దాటుతుంది. ఎండాకాలమంతా సగం ఖాళీగా ఉంచితే మళ్ళీ చెమట పడుతుంది, అందుకని ఎండాకాలం దాకా ఆగొద్దు," అన్నాడు. "ఏప్రిల్ రెండో వారం. అప్పటిదాకా సగానికి మించి కొట్టించకండి."

పెద్దావిడ గోడకి వేలాడుతున్న క్యాలెండరు కాగితాలు రెండు ఎత్తి, ఏప్రిల్‌లో ఒక మంగళవారం చుట్టూ పెన్నుతో గీసింది. పాప తల్లి పేపర్లో ముక్క మళ్ళీ చుట్టుకుంది. వీధికి అవతలి వైపు ఇంట్లో లైటు వెలుగుతోంది.

"అక్కడ కూడా చూస్తారా?" అని మెకానిక్‌ని అడిగింది.